శ్రుతి దించని వదిన

ఆ ఆర్కెస్ట్రాలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ వదినే. ప్యాడ్స్ వాయించేవాడికి వదిన, వ్యాను నడిపేవాడికి వదిన, చివరికి హాళ్ళు అద్దెకిచ్చే ముసలాయనకు కూడా వదినే. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమె సొంత మరిది. అతన్ని జనం 'మైకు' అనేవాళ్ళు. ఒకసారి చేతికి చిక్కితే మళ్ళీ వదలడని వెటకారంగా పెట్టిన పేరది. అతను మాత్రం దాన్ని బిరుదులాగా మోసుకు తిరిగేవాడు.

వదిన భర్తకు మోటార్ల వైండింగ్ కొట్టు ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. తమ్ముడు పాడే ప్రతిచోటా వైర్లు లాగి, సౌండు పెట్టె ముందు కూర్చునేది ఆయనే. ఆమె పుట్టింట్లో తండ్రిది వాయిద్యాలు బాగుచేసే కొట్టు. బాగుచేసిన ప్రతి పెట్టెనూ వాయించి చూసే పని చిన్నప్పటినుంచీ ఆమెదే. మంచి సంగీతం కంటే చెడిపోయిన సంగీతమే ఎక్కువ విన్న చెవులు కావడంతో, ఎక్కడ ఏ స్వరం నలకంత పక్కకు జరిగినా ఆమెకు పంటికింద రాయి పడ్డట్టుండేది.

పెళ్ళయ్యాక ఎవరో వాడి వదిలేసిన అరేంజర్ కీబోర్డు ఒకటి ఇంటికొచ్చింది. ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కితే డ్రమ్ములూ బేసూ దానంతట అదే మోగించే పెట్టె. కుడిచేత్తో పాట వాయించుకుంటే చాలు, పదిమంది వాయిస్తున్నట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆమె మాత్రం వారం తిరక్కుండానే పెదవి విరిచింది. "జోలపాటకీ అదే దరువు, గంతులేసే పాటకీ అదే దరువు. ఇదేం పెట్టె?" అంది.

అప్పుడు పట్టుకుంది మిడి ఫైళ్ళ పని. మిడి ఫైలు అంటే పాట రికార్డు కాదు. ఏ వాయిద్యం, ఏ క్షణాన, ఏ మెట్టును ఎంత గట్టిగా నొక్కాలో పెట్టెకు చెప్పే ఆజ్ఞల మూట. ఆ మూట కట్టాలంటే పాటను ముక్కముక్కగా వినాలి. ముందు డ్రమ్ము ఒక్కటీ వేలితో కొట్టి ఎక్కించాలి, దానిమీద బేసు, దానిమీద గిటారు, వయొలిన్లు, వేణువు. భోజనాల బల్లమీద కీబోర్డు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే పొయ్యిమీద కూర మాడుతున్న వాసన కూడా తెలిసేది కాదు. భర్తే వచ్చి పొయ్యి కట్టేసి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేవాడు.

పాట పూర్తయ్యాక అందులో ఒక చోటు ఖాళీగా వదిలేది. పాట నడిపించే అసలు వాద్యం, లీడు. అది స్టేజీమీద తన కుడిచేత్తోనే వాయించేది. లోపల వాయించే పదిమందీ తనే, వాళ్ళతో కలిసి వాయించే పదకొండో మనిషీ తనే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు లోలోపల నవ్వొచ్చేది.

ఫైలు ఎవరికోసమూ ఆగదు. గాయకుడు ఊపిరి అందక వెనకబడినా, మాట మరిచి ముందుకు దూకినా అది తన దారిన తాను పోతూనే ఉంటుంది. మైకు రెండూ చేసేవాడు. అతను దూకినప్పుడు వదిన వేణువు స్వరంలో చిన్న సంగతి వాయించి వెనక్కి లాగేది. వెనకబడితే చరణంలో తరువాతి మాట ఎత్తుకునే చోటు వేలితో చూపించినట్టు వాయించేది. వినేవాళ్ళు అదంతా పాటలో భాగమే అనుకునేవాళ్ళు. ఇంకో సంగతి భర్తకు కూడా తెలియదు. పై స్థాయి పాటలొస్తే ఆమె శ్రుతిని ఒకటో రెండో మెట్లు దించి పెట్టేది. మైకు గొంతుకు ఎక్కడ గోడ ఉందో ఆమెకు బాగా తెలుసు. అతను ఆ గోడకు గుద్దుకోకుండా ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చింది. పాటయ్యాక స్టేజీ దిగి వచ్చి అతను, "ఒరిజినల్ శ్రుతిలోనే పాడతాం మనం, దించుకునే రకం కాదు" అని జనంతో అంటుంటే వైరు చుట్టుకుంటూ వినేది.

అలాంటి మైకు ఒకరోజు ఇంటికొచ్చి, "వదినా, ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసివ్వండి. మీ పెట్టెకేమైనా అయితే మన గతేంటి?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. అతను ఇంట్లో పాడుకోవడానికని లీడు కూడా వేసి, అతని గొంతుకు తగ్గట్టు శ్రుతి దించి చేసినవి వేరే ఉండేవి. "అవి కూడా వేయండి" అన్నాడు. వేసిచ్చింది.

తరువాతి కార్యక్రమానికి ఇస్త్రీ చీర కట్టుకుని, భర్తతో వ్యాను దిగి హాల్లోకి వెళ్తే స్టేజీమీద కొత్త కీబోర్డు ఉంది. దాని వెనక మెరిసే కోటు వేసుకున్న మనిషి ఒకడు దువ్వెనతో జుట్టు సర్దుకుంటున్నాడు. బట్టల షోరూములో కొలతలు తీసేవాడట. ఆమె కూర్చునే కుర్చీ ఎక్కడా లేదు.

"నా కుర్చీ ఏది?" అని అడిగింది.

మైకు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పి ఉంటే ఏమయ్యేదో. అతనికి అలవాటు లేని పని అది. అందరిలోనే అన్నాడు. "వదినా, ఏమనుకోకండి. ఇప్పుడంతా లుక్కు అడుగుతున్నారు. ముందు వరుసలో కూర్చుని హాయిగా చూడండి."

"మరి వాయించేదెవరు?"

"వాయించేదేముంది వదినా ఇందులో! బటన్ నొక్కడమేగా?"

ప్యాడ్స్ వాడు నవ్వాడు. కోటు మనిషి కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వాడు. ఆమె భర్త వైరు కట్ట చేత్తో పట్టుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆరోజు ఆమె పాటలన్నీ విన్నది. తన డ్రమ్ములు, తన బేసు, తన వయొలిన్లు. తన వేణువు సాగుతుంటే కోటు మనిషి కుడిచేత్తో ముక్కు గోక్కోవడం కూడా చూసింది. వేణువు మాత్రం ఆగలేదు. వెనక కట్టిన గుడ్డమీద పెద్ద అక్షరాలతో మైకు పేరు, దానికింద 'సంగీత నిర్వహణ' అని మళ్ళీ అతని పేరే.

ఇంటికొచ్చాక భర్త, "పోనీలే, తమ్ముడేగా" అన్నాడు.

"మీకు తమ్ముడు. మీరు పోనివ్వండి" అంది.

ఏడవలేదు. ఏడిస్తే కడుపులో మంట చల్లారిపోతుందేమోనని భయపడ్డట్టు దాన్ని జాగ్రత్తగా దాచుకుంది. మైకు ఎప్పట్లాగే ఆదివారాలు భోజనానికి వచ్చేవాడు. ఎప్పట్లాగే వడ్డించింది. "ఇంకొంచెం వేసుకో మరిదీ, చిక్కిపోయావు" అని కూడా అనేది. అతను ఎప్పుడూ తన మాటల్లో తనుండేవాడు. ఎక్కడ ఎవరు చప్పట్లు కొట్టారు, ఎవరు సెల్ఫీ అడిగారు, ఇవే. ఆమె మాత్రం ప్రతి మాటా చెవిన వేసుకునేది, ఎక్కడైనా సందు దొరక్కపోతుందా అని.

ఆ సందును అతనే తెచ్చి చేతిలో పెట్టాడు.

బిస్కెట్ ఫ్యాక్టరీ వార్షికోత్సవం. పెద్ద కార్యక్రమం. నచ్చితే వాళ్ళ ఫ్యాక్టరీలన్నిటికీ ప్రతి ఏడూ మైకు ఆర్కెస్ట్రానే పిలుస్తారు. ఆరోజే ప్యాకింగ్ విభాగంలో పెద్దావిడ ఒకామె పదవీ విరమణ. ఆమెకు ఇష్టమైన పాత పాట ఒకటి తప్పకుండా పాడాలని మేనేజరు కోరాడు. ఆ పాట పెన్‌డ్రైవులో లేదు.

"మీరు తప్ప ఇంకెవరు చేస్తారు వదినా? లీడు కూడా వేసేయండి. వాడు పాపం కొత్తవాడు" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"అయ్యో, దానికేం భాగ్యం" అంది తువ్వాలు అందిస్తూ.

ఆ పాట ఆమెకు బాగా తెలుసు. తండ్రి కొట్లో రేడియోలో ఎన్నిసార్లు విన్నదో. మొదటి చరణం నెమ్మదిగా నేలమీద నడిచినట్టుంటుంది. తరువాత వయొలిన్ల మీద వేణువు ఒంటరిగా సాగే పొడుగాటి మ్యూజిక్ బిట్. అది అయిపోతూ శ్రుతి పైకెక్కుతుంది, రెండో చరణం మొత్తం ఆ పైనే. మంచి గొంతులే అక్కడ మెడలు చాపుతాయి.

ఆమె రెండు ఫైళ్ళు చేసింది. మొదటిది మైకు ఇంట్లో పాడుకోవడానికి. దాంట్లో శ్రుతి దించింది, రెండో చరణంలో ఎక్కేదాన్ని పూర్తిగా చదును చేసేసింది, లీడు మొత్తం వేసింది. అతను దాంతో పాడి పాడి పొంగిపోయాడు. "ఈ పాటేదో నా కోసమే పుట్టినట్టుంది వదినా!" అన్నాడు ఫోనులో.

"స్టేజీకి ఇంతకన్నా నిండుగా చేసిస్తాను. వయొలిన్లు ఇంకా వేయాలి" అంది.

రెండోదాని మీద పెట్టినంత శ్రద్ధ ఆమె జీవితంలో ఏ పాటమీదా పెట్టలేదు. ప్రతి డ్రమ్ము దెబ్బనూ మళ్ళీ మళ్ళీ విని సరిచేసింది. వయొలిన్లు వింటే వెన్ను జలదరించేటట్టు కట్టింది. మొదటి చరణం వరకు అంతా మునుపటిలాగే, లీడుతో సహా. మధ్య బిట్టు దగ్గరకొచ్చేసరికి వేణువూ వయొలిన్లూ తీసేసింది. డ్రమ్మూ బేసూ మాత్రమే నడుస్తాయి. బిట్టు చివర, తను దించిన మెట్లన్నీ ఒక్కసారి ఎక్కించి, దానిమీద పాట సహజంగా ఎక్కే మెట్టు కూడా ఎక్కించింది. తప్పుడు స్వరం ఒక్కటి లేదు. 'ఉన్న పాటను ఉన్నట్టు ఇస్తున్నాను, నేను కప్పిన దుప్పటి నేను లాక్కుంటున్నాను, అంతే' అని తనకు తాను చెప్పుకుంది. అది సగమే నిజమని తనకూ తెలుసు. తెలిసే పళ్ళు బిగించి ఫైలు పూర్తిచేసింది.

కార్యక్రమం రోజు పొద్దున్నే పెన్‌డ్రైవు భర్త చేత పంపింది. హాల్లో మైకు దాన్ని పెట్టించి, మొదటి రెండు లైన్లు పాడి, "బ్రహ్మాండం, ఆపు" అన్నాడట. అతను అక్కడితో ఆపేస్తాడని ఆమెకు ముందే తెలుసు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ గోదాములో కుర్చీలు వేశారు. అట్టపెట్టెలన్నీ ఒక గోడకు నెట్టి, ఎదురుగా బల్లలు కలిపి స్టేజీ కట్టారు. గాలి నిండా వెన్నా పంచదారా కాలిన వాసన. వదిన మూడో వరుసలో కూర్చుంది. స్టేజీమీద ఒక పక్క పెద్దావిడ పువ్వుల గుత్తి ఒళ్ళో పెట్టుకుని, పాదాలు దగ్గరగా ముడుచుకుని కూర్చుని ఉంది. జీవితంలో అంత ఎత్తు కుర్చీలో మొదటిసారి కూర్చున్నదానిలా ఉంది.

"ఈ పాట మన అమ్మకోసం" అన్నాడు మైకు, మైకును పెదవులకు ఆనించి.

మొదలవగానే గోదాము సద్దుమణిగింది. ఆ వయొలిన్లు విని మేనేజరు పక్కవాడివైపు తిరిగి తల పంకించాడు. మైకు మొదటి చరణం బాగానే పాడాడు. పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటోంది. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

మధ్య బిట్టు వచ్చింది. కోటు మనిషి భుజాలు ఊపుతూ, తల వెనక్కి వాల్చి, వేళ్ళను కీబోర్డు ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తించాడు. ఏమీ వినపడలేదు. డ్రమ్మూ బేసూ ఎవరూ లేని రోడ్డుమీద నడిచినట్టు నడుస్తున్నాయి. అతను ఇంకా గట్టిగా నొక్కాడు. ఒక కార్మికురాలు కిసుక్కున నవ్వింది. అతను కంగారుగా ఏదో మీట తిప్పాడు, నిజంగానే తన చేతి శబ్దం బయటికొచ్చింది. పిల్లి తోక తొక్కినట్టుంది. గోదాము గొల్లుమంది. సౌండు పెట్టె దగ్గర ఆమె భర్త మీటలన్నీ పైకీ కిందికీ జరుపుతూ చెమటలు కక్కుతున్నాడు. లేనిదాన్ని ఆయన మాత్రం ఎక్కడినుంచి తెస్తాడు?

నవ్వు ఆగకముందే శ్రుతి ఎక్కింది.

మైకు రెండో చరణం ఎత్తుకున్నాడు. మొదటి మాటకే కింద పడ్డాడు. కిందినుంచి పట్టుకోబోయాడు, వాయిద్యాలు పైన ఎక్కడో ఉన్నాయి. గట్టిగా అరిచి అందుకోబోయాడు, గొంతు చీలి రెండయింది. మైకును జనంవైపు చాపి, "అందరూ పాడాలి!" అన్నాడు. ఒక్కరూ పాడలేదు. ఫైలు తన దారిన తాను పోతోంది. ఇప్పుడు అతన్ని వెనక్కి లాగే వేణువు లేదు, మాట ఎత్తుకునే చోటు చూపే చెయ్యి లేదు.

అప్పుడు చూశాడు ఆమెను. మైకులోనే, అందరూ వింటుండగా, "వదినా! ఒక్కసారి పైకి రండి వదినా!" అన్నాడు.

తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. ఆమె లేచింది. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మళ్ళీ కూర్చుంది.

"నేను వినడానికొచ్చాను మరిదీ. నువ్వు పాడు" అంది.

ఆ మాట గోదాము చివరివరకూ వినపడింది. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ ఆమెకు ఏ చప్పట్లూ ఇవ్వని సుఖం ఆ క్షణం ఇచ్చింది. గొంతులో తీయగా దిగింది. మైకు ముఖంలో రంగు మారడం మెట్టు మెట్టుగా చూసింది. మొదట అర్థంకాకపోవడం, తరువాత అర్థంకావడం. అర్థమైందని తెలిశాకే ఆమె చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చూపు పెద్దావిడ మీద పడింది. ఆమె కళ్ళు తెరిచి, ఒళ్ళో పువ్వుల్ని చూసుకుంటోంది. తనేదో తప్పు చేసినట్టు.

ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ పిలవలేదు. కోటు మనిషి ఆ సాయంత్రమే కోటు విప్పి వ్యానులో పడేసి, షోరూముకు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ప్యాడ్స్ వాడు వచ్చి నవ్వుతూ చెప్పబోతే, "ఆరోజు కూడా నువ్వు బాగానే నవ్వావు" అని వదిన వాడి ముఖంమీదే తలుపు వేసింది. ఆదివారాలు మైకు రావడం మానేశాడు.

ఒకరోజు భర్త వైండింగ్ తీగ చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "వాడికి కావలసిందే. నేను నోరు విప్పాల్సిన రోజున విప్పలేదు, అదీ నిజమే. కానీ ఆ ముసలావిడ ఏం చేసింది నీకు?"

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. మూడోరోజు కీబోర్డును దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టించుకుని పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

ఒంటిగది ఇల్లు. పెద్దావిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వదిన గడపలో నిలబడే చెప్పేసింది. "ఆరోజు పాట పాడైంది నావల్లేనమ్మా. కావాలనే చేశాను. మా మరిది మీద కోపం."

పెద్దావిడ మడత ఆపి తేరిపార చూసింది. "నీ ఇంటి కోపం తీర్చుకోడానికి నా రోజే దొరికిందా నీకు?"

"అవునమ్మా."

"అందరూ నవ్వుతుంటే నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నాను. ఈ వయసులో నీకు పాటేంటే అని." మంచంమీద బట్టలు పక్కకు జరిపింది. "అదేనా పెట్టె? తెచ్చావుగా. వాయించు."

వదిన వాయించింది. అవే డ్రమ్ములు, అవే వయొలిన్లు. మధ్యలో వేణువు మాత్రం ఈసారి తన వేళ్ళతో. శ్రుతి ఎక్కే చోట ఎక్కింది. పెద్దావిడ కళ్ళు మూసుకోలేదు. ఆమె వేళ్ళనే చూస్తూ కూర్చుంది. అయిపోయాక, "బాగుంది" అంది. తరువాత, "అయినా పోయిన రోజు పోయిందేలే" అని మళ్ళీ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మంచినీళ్ళయినా ఇవ్వలేదు. వదిన అడగనూ లేదు.

ఆ తరువాత ఆమె ఒంటరిగానే కార్యక్రమాలు ఒప్పుకుంది. పెద్దవాళ్ళు మధ్యాహ్నాలు వచ్చి కూర్చునే క్లబ్బులో, ఆసుపత్రి వరండాలో, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఆమె ఫైళ్ళు, ఆమె కుడిచెయ్యి. పాడాలనుకున్నవాళ్ళు వచ్చి పాడేవాళ్ళు. ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళకు శ్రుతి దించి పెట్టేది. "మీకోసం దించానండీ" అని ముందే చెప్పేది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం మైకు వచ్చాడు. లోపలికి రాలేదు, వరండాలోనే నిలబడ్డాడు. వంటింట్లో ఉన్న ఆమెకు అన్నదమ్ముల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"అన్నయ్యా, చిన్న ఫంక్షనొకటి దొరికింది. కొత్త పాటలు అడిగారు. బయట కొన్న ఫైళ్ళు పెడితే ఏ పాటకీ గొంతు అందట్లేదు. వదిన ఇదివరకు స్టేజీమీద ఏదో దించి పెట్టేదంట కదా, పక్కనుంచి చూసేవాడట, ప్యాడ్స్ వాడు చెప్పాడు. నాకు తెలియదు. ఒక్క నాలుగు పాటలు అలా చేసిమ్మను."

భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "విన్నావుగా" అన్నాడు.

"విన్నాను. దించను."

"తడిసి వచ్చాడే."

"తువ్వాలు ఇవ్వండి. భోజనం పెట్టండి, నేను వద్దన్నానా? మీ తమ్ముడు. శ్రుతి మాత్రం దించను. గొంతు పెంచుకోమనండి, లేదా నా గొంతు అంత పైకి ఎక్కదని స్టేజీమీద చెప్పి పాడమనండి."

ఆయన కంచంలో భోజనం పెట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. ఆమె చేతులు తుడుచుకుని భోజనాల బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. క్లబ్బులో ఎవరో అడిగిన పాటకు బేసు ఇంకా పూర్తికాలేదు. వరండాలో కంచం చప్పుడు, అన్నదమ్ముల తగ్గుస్వరం మాటలు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆపిన చోటునుంచి మొదలుపెట్టింది.